బావి అవతలి మైసమ్మ

వెంకటనర్సు బొటనవేలికి సిరా పూసుకున్నాడు. ఇక కాగితం మీద ఆనించడమే తరువాయి.

"జర ఆగుమను," అంది ఉప్పలమ్మ, మొగుడి వెనక నుంచి. "ఒక్కపారి మొత్తం చదివి వినిపియ్యమను."

రామన్నపేట రిజిస్ట్రీ కచేరీ ఎదుట, దస్తావేజులు రాసే మల్లేశం అరుగు అది. చెలక భూమి అమ్ముతున్న వెంకటనర్సు ఆమె మొగుడు గాలయ్యకు వరసకు అన్న. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె ఆ బావతో సూటిగా మాట్లాడలేదు. ఏదున్నా మొగుడితో అనిపించేది.

బేరం కుదిరినప్పటి నుంచి ఆమెకు అన్నం సయించలేదు. బస్సు బోల్తా పడుతుందేమో, కాగితం తడుస్తుందేమో, కచేరీ మొహరు పడదేమో అని ఒకటే గుబులు.

"చదివేదేముంది తమ్మీ," నవ్వాడు వెంకటనర్సు. "లోపట రిజిస్ట్రారు సారు లేచిపోతే మల్ల సోమారం దాక రావాలె."

"అన్న ముంగట ఇజ్జత్ తియ్యకే," గొణిగాడు గాలయ్య.

"ఇజ్జత్ సంగతి ఇంటికాడ చూద్దాం. చదవమను."

మల్లేశం కళ్లద్దాలు సర్దుకున్నాడు. "తూర్పు పెద్దులు చెలక, దక్షిణం బండ్ల బాట, పడమర వాగు, ఉత్తరం బావి..."

"ఆగు సారూ. బావి హద్దంటే, అది మా లోపటికి వస్తదా, బయటికి పోతదా?"

"హద్దుకు రాసింది బయటిదే కదమ్మా. మీ భూమి అక్కడికే ఆగుతది."

ఉప్పలమ్మ మొగుడిని దాటి ముందుకు వచ్చింది. ఆ బావి కోసమే ఆ చెలక కొంటున్నారు. బావి లేకుంటే అది ఉత్త గరుసు నేల.

"గిట్లెందుకు రాసినవ్?"

"మీ ఇంటాయన చెప్పిందే రాసిన. ఇద్దరు కలిసి హద్దులు తొక్కి వచ్చిన్రట."

ఆమె మొగుడి వైపు తిరిగింది. గాలయ్య నేల చూపులు చూశాడు. "బావి అవతల మైసమ్మ ఉండె. టెంకాయ లేకుండ, ఉత్త చేతులతోని ఎట్ల దాటి పోతం? అన్ననే వద్దన్నడు. బావికాడ్నే ఆగినం."

ఊళ్లో ఎవరూ ఉత్త చేతులతో మైసమ్మ తల్లి రాయిని దాటరు. అది వెంకటనర్సుకు తెలుసు. తన భూమి మైసమ్మను దాటి పక్క రైతు భిక్షం చెలక దాకా ఉందనీ తెలుసు. అతను వేలికున్న సిరా చూసుకుంటున్నాడు తప్ప తల ఎత్తడం లేదు. అప్పుడు అర్థమైంది ఆమెకు. ఇన్నాళ్ల గుబులు కాస్తా కోపమై కుతకుత ఉడికింది.

"బావా, నువ్వే చెప్పు. బావి మాకు అమ్మినవా, లేదా?"

"తమ్మీ, ఆడదాన్ని మాట్లాడనిస్తున్నవా?"

"నన్నడుగు. నోరు నాది."

"నీళ్లు నేనేమన్న వద్దంటనా? మోట కొట్టుకోండ్రి. కాయితంల లేకుంటే ఏమాయె?"

"ఇయ్యాల నువ్విస్తవ్. రేపు నీ కొడుకులిస్తరా? నా పిల్లలు చెంబు పట్టుకొని నీ గట్టు మీద నిలబడాల్నా? మైసమ్మకు భయపడేటోన్ని ఆ మైసమ్మనే చూపెట్టి ముంచుతవా? నీకు భయం లేదా బావా?"

"ఇష్టం లేకుంటే మానుకోండ్రి," వెంకటనర్సు లేచాడు.

ఉప్పలమ్మ కాగితాలు లాక్కుని చంకలో పెట్టుకుంది. "మానుకుందాం. బావి చూపెట్టి ఉత్త చెలక అమ్మజూసిండని పంచాయితీల నలుగురి ముంగట చెప్త. ఆ తర్వాత నీ చెలక ఎవడు కొంటడో చూస్త."

చాయ్ హోటల్ ముందున్న వాళ్లంతా ఇటే చూస్తున్నారు. వెంకటనర్సు మళ్లీ కూర్చున్నాడు.

ఉప్పలమ్మ కాగితాలు తిరిగి ఇచ్చాక మల్లేశం ఆ వరుస కొట్టేసి, 'ఉత్తరం భిక్షం చెలక. బావి, మైసమ్మ రాయి ఈ భూమిలోనివే' అని రాశాడు. దిద్దిన సంగతి చివరన కూడా రాశాడు. దిద్దుబాటు పక్కన వెంకటనర్సు కసిగా వేలు రుద్దాడు.

"వేలి గీతలు పడలే. ఇంకోపారి ఎయ్యమను సారూ," అంది ఉప్పలమ్మ.

మొహరు పడ్డాక ఇద్దరూ బస్సెక్కి ఊళ్లో దిగారు. "పెద్దోని ముంగట నా తల తీసేసినవ్," అన్నాడు గాలయ్య.

ఆమె ఇంటి దారి పట్టలేదు. రామన్నపేటలో కొన్న టెంకాయ కొంగులోంచి తీసి అతని చేతిలో పెట్టింది.

"చెప్పులిడువు."

"ఏడికే?"

"మైసమ్మ అవతలికి. భిక్షం గట్టు దాక తొక్కి రావాలె. ఈపారి నీ ఎంబడి నేనొస్త."