పడవలో ఏసీ మార్చిన అల్లుడు

జులై రెండోవారంలో ఒక సోమవారం మధ్యాహ్నం, పేషెన్స్ అనే పడవలోని ఏసీ ఒకసారి గట్టిగా దగ్గి, రెండుసార్లు మూలిగి ఊరుకుంది. అప్పుడు ఆ పడవలో ఇద్దరే ఉన్నారు. ఒకరు పడవ యజమాని చక్రధర్, రెండోవారు అతని అత్తగారు సుమతి.

"పోయిందండీ," అన్నాడు చక్రధర్, మిషన్ ఉన్న సోఫా కింద చెవి పెట్టి విని.

"అయ్యో. ఎంత వయసు?"

"ఇరవై రెండేళ్ళు."

"నిండుగానే బతికింది లెండి. బాధపడకండి," అందావిడ, పక్కింట్లో పరామర్శకు వెళ్ళినట్టు మొహం పెట్టి.

చక్రధర్, అతని భార్య గౌరి మూడేళ్ళ కిందట అమెరికాలోని క్యారీలో ఇల్లమ్మేసి ఈ ముసలి పడవ కొనుక్కున్నారు. న్యూబర్న్‌లో, న్యూస్ నది ఒడ్డున కట్టేసి అందులోనే కాపురముంటున్నారు. పడవంటే మరీ చిన్నదేమీ కాదు. పడకగది, వంటిల్లు, స్నానాలగది, కూర్చోడానికి ఒక సోఫా, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా స్థలమే. గౌరి క్యారీలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తుంది. సోమవారం పొద్దున్నే కారులో వెళ్ళి, వాళ్ళక్క గిరిజ ఇంట్లో ఉండి, గురువారం సాయంత్రానికి తిరిగొస్తుంది. చక్రధర్ పడవలోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు. నవంబర్‌లో లేఆఫ్ అయింది. అయినా రోజూ తొమ్మిదింటికి లాప్‌టాప్ తెరుస్తూనే ఉన్నాడు.

సుమతి తణుకు నుంచి జూన్‌లో వచ్చింది. ముప్పై ఒక్కేళ్ళు అక్కడ ఆడవాళ్ళ టైలరింగ్ కొట్టు నడిపిన మనిషి. పడవలో కళ్ళు తిరిగి రెండోరోజుకే గిరిజ ఇంటికి పరిగెత్తుతుందని అందరూ అనుకున్నారు. ఆవిడ పడవలోకి దిగి, ఇటునుంచి అటు ఒకసారి నడిచి, "తడి చీరలు ఎక్కడ ఆరేసుకోవాలి?" అని మాత్రం అడిగింది.

మెట్ల పక్కన ఒక పెద్ద అట్టపెట్టె ఉంది. వచ్చిన దగ్గరనుంచీ సుమతి దానిమీదే కాఫీ గ్లాసు పెట్టుకుంటోంది. మొదటివారంలోనే అడిగింది: "ఈ బల్ల బాగుంది అల్లుడుగారూ. ఇందులో ఏముంది?"

"కొత్త ఏసీ అండి. ఏప్రిల్‌లో తెప్పించాను. మంచి వీకెండ్ చూసి బిగిద్దామని..."

"ముహూర్తం కుదరలేదన్నమాట," అందావిడ సానుభూతిగా. అది సానుభూతో మరొకటో చక్రధర్ ఇప్పటికీ తేల్చుకోలేదు.

మెకానిక్‌కి ఫోన్ చేస్తే మూడు వారాల దాకా తీరిక లేదన్నాడు. గౌరికి ఫోన్ చేస్తే, "ఇద్దరూ అక్క ఇంటికి వచ్చెయ్యండి. నూరు డిగ్రీల ఎండలో ఆ రేకు డబ్బాలో ఏం చేస్తారు?" అంది.

"రేకు డబ్బా ఏమిటి, మనిల్లు. నేనే మార్చేస్తాను. గురువారం నువ్వొచ్చేసరికి పడవ చల్లగా ఉంటుంది."

"నువ్వే?" అంది గౌరి.

"ఏంటి, నామీద నమ్మకం లేదా?"

"ఎందుకు లేదు? ఏప్రిల్ నుంచీ ఉంది," అని గౌరి ఫోన్ పెట్టేసింది.

పోనీ అత్తగారినైనా క్యారీలో దించుదామనుకున్నాడు. తన అవస్థలు ఆవిడ చూడటం అతనికిష్టం లేదు. సుమతి కదల్లేదు. "నేను వెళ్తే టార్చిలైటు ఎవరు పడతారు?" అంది.

మంగళవారం పొద్దున్నే పని మొదలైంది. ముందు చక్రధర్ ఆవిడకు విషయం వివరించాడు. ఇంటి ఏసీకి బయట ఫ్యాను పెట్టె ఉన్నట్టు పడవ ఏసీకి ఉండదు. పడవ అడుగున చిన్న కుళాయి ఉంటుంది. అందులోంచి పంపు నది నీళ్ళని లాగి మిషన్ గుండా పంపుతుంది. ఆ నీళ్ళు వేడిని మోసుకుపోయి పడవ పక్కనున్న రంధ్రంలోంచి మళ్ళీ నదిలో పడతాయి. ఈ మాట చెప్పడానికి అతనికి పది నిమిషాలూ, ఒక కాగితమూ పట్టాయి.

"అంటే నదిని లోపలికి పిలిచి, మన వేడి దాని నెత్తిన రుద్ది పంపేస్తామన్నమాట," అంది సుమతి.

"అంతేనండి," అన్నాడతను. ఆ మాత్రం తెలియడానికి తాను ఏసీ బిగించే వీడియో ఎన్నిసార్లు చూశాడో చెప్పలేదు.

ఒడ్డునుంచి వచ్చే కరెంటు తీగ పీకేశాడు. అడుగు కుళాయి కట్టేశాడు. వైర్లు ఎటు పోతున్నాయో ఫోటోలు తీసుకున్నాడు. ఇంతవరకు అంతా పద్ధతిగానే జరిగింది. పాత మిషన్‌ని నాలుగు బోల్టులు పట్టుకుని ఉన్నాయి. మూడు బుద్ధిగా వచ్చాయి. నాలుగోది తుప్పుపట్టి పన్నెండింటి దాకా కదల్లేదు. చక్రధర్ మూడు టీషర్టులు తడిపాడు.

"ఆ బోల్టుకి మీరంటే ఇష్టంలా ఉంది," అంది సుమతి, లైటు పట్టుకుని ఓపిగ్గా నిలబడి.

బోల్టు ఊడింది. మిషన్ లేచింది. బియ్యం బస్తాకి తక్కువ లేదు. లేచింది గానీ సోఫా కిందనుంచి బయటికి రాలేదు. నిలువుగా తిప్పాడు, అడ్డంగా తిప్పాడు, బోర్లించాడు. ఎటు తిప్పినా ఏదో ఒక మూల తట్టుకునేది. మూడింటికి చేతులెత్తేసి నేలమీద కూర్చున్నాడు.

సుమతి లోపలికెళ్ళి తన టేపు తెచ్చింది. వంగి, అటూ ఇటూ కొలిచింది.

"సోఫా ద్వారం పదహారున్నర అంగుళాలు. మీ మిషన్ ఎటు చూసినా పదిహేడుంబావు."

"మరి లోపలికెలా వెళ్ళిందండీ?"

"వెళ్ళలేదు బాబూ. ముందు మిషన్ పెట్టి, తరవాత సోఫా కట్టారు. చీర కట్టుకున్నాక లంగా తొడుక్కోమంటే ఎలా?"

సోఫా ముందు పలక కోయక తప్పదు. అది పాత టేకు. తేనెరంగులో మెరుస్తూ ఉంటుంది. పడవ కొన్నరోజున గౌరి ముందుగా చెయ్యేసి నిమిరింది దాన్నే. చక్రధర్ దానివంక చూసి, మిషన్‌ని మళ్ళీ కిందకి దించి, "మూడు వారాలే కదండీ, మెకానిక్ వస్తాడు. ఫ్యాన్లు పెట్టుకుందాం," అన్నాడు.

సుమతి టేపు చుట్టుకుంది.

సాయంత్రం ఇద్దరూ పడవ కట్టేసిన డాక్ మీద కుర్చీలేసుకుని కూర్చున్నారు. పక్క పడవలో ఉండే బెవర్లీ వచ్చింది. ఆవిడ ఒకప్పుడు స్కూల్ బస్సు నడిపేది. ఇప్పుడు సుమతితో కలిసి తన పడవకి ఎండ తెర కుట్టుకుంటోంది. ఒకరి భాష ఒకరికి సగమే తెలిసినా, కుట్టు గురించి వాళ్ళకెప్పుడూ అనుమానం రాలేదు. బెవర్లీ ఏమీ చెప్పకుండా చక్రధర్ ఒళ్ళో ఒక చిన్న కరెంటు రంపం పెట్టి వెళ్ళిపోయింది. అత్తగారు ఎక్కడో ఏదో చెప్పిందని అతనికి అర్థమైంది.

కాసేపు ఆ రంపం వంకే చూసి, "అత్తయ్యగారూ, మీకో మాట చెప్పాలి. నాకు నవంబర్ నుంచి జాబ్ లేదండి," అన్నాడు.

"తెలుసు."

"గౌరి చెప్పిందా?"

"ఎవరూ చెప్పలేదు. ఉద్యోగమున్నవాళ్ళు లాప్‌టాప్‌ని తిట్టుకుంటారు. మీరు దాన్ని బుజ్జగిస్తున్నారు."

అతనికి నవ్వొచ్చింది. నవ్వు అయ్యాక మాట కాస్త సులువుగా వచ్చింది. ఇరవై ఇంటర్వ్యూలదాకా ఇచ్చానని, ఏవీ కుదరలేదని, ఇప్పుడు ఏది మొదలుపెట్టినా చెడగొడతానేమోనని చెయ్యి ముందుకు రావట్లేదని చెప్పాడు. ఆ అట్టపెట్టె మూడు నెలలు అలా పడి ఉండటానికి కారణం వీకెండ్ కాదని కూడా చెప్పాడు.

సుమతి నదివంక చూస్తూ విన్నది. "కొట్టు పెట్టిన కొత్తలో ఒక పెళ్ళికూతురి పట్టు జాకెట్టు గుడ్డ తప్పు కోశానండి," అంది. "రెండు చేతులూ ఒకేవైపువి వచ్చాయి."

"అప్పుడేం చేశారు?"

"ఏడ్చాను. ఆ పిల్ల ఇప్పటికీ ఎదురైతే మొహం తిప్పుకుంటుంది."

చక్రధర్ ఇంకేమైనా చెబుతుందేమోనని చూశాడు. "మరి తరవాత?"

"తరవాతేముంది? మర్నాడు ఇంకొకావిడ జాకెట్టు కోశాను. కొట్టు తెరిచి కూర్చున్నాక కోయక తప్పుతుందా?"

బుధవారం పొద్దున ఎండ ముదరకముందే సుమతి తన సుద్దముక్కతో టేకు పలకమీద గీతలు గీసింది. మిషన్ కొలత ఒక్కటే కాదు, దాన్ని పట్టుకునే చేతులకీ రెండువైపులా చోటు వదిలింది. రంపానికి మాత్రం కరెంటు కావాలి కాబట్టి బెవర్లీ పడవనుంచి పొడుగు తీగ లాగారు. చక్రధర్ మోకాళ్ళమీద కూర్చుని, రంపం ఆన్ చేసి, ఆఫ్ చేసి, మళ్ళీ ఆన్ చేశాడు.

"నేను గుడ్డ కోసేటప్పుడు ఊపిరి బిగబడతాను," అంది సుమతి. "చెక్కకి ఏం చెయ్యాలో నాకు తెలీదు."

అతను ఊపిరి బిగబట్టాడు. రంపం టేకులోకి దిగింది. ఎడమ మూల దగ్గర చెయ్యి వణికి గీత ఒక్క రవ్వ పక్కకి పోయింది. అతను ఆపలేదు. నాలుగువైపులా తిరిగి వచ్చేసరికి పలక చేతిలోకి ఊడి వచ్చింది. ఆ వెనకే పాత మిషన్, ఇన్నాళ్ళూ అడ్డుపడింది తాను కానట్టు, జారుకుంటూ వచ్చేసింది. ఇద్దరూ కలిసి దాన్ని డాక్ మీదకి చేరవేస్తే బెవర్లీ చప్పట్లు కొట్టింది.

కొత్తది చిన్నది, తేలిక. ఇట్టే కూర్చుంది. బోల్టులు, వైర్లు, గొట్టాలు అన్నీ అయ్యేసరికి మూడయింది. సుమతి డాక్ మీద నిలబడి, పడవ పక్కనున్న రంధ్రాన్ని కాపలా కాసింది. అందులోంచి నీళ్ళు పడితే పని అయినట్టు. చక్రధర్ కరెంటు పెట్టి మీట నొక్కాడు. పంపు గుర్రుమంది.

"వస్తున్నాయాండీ?"

"లేదు."

"ఇప్పుడు?"

"చేపపిల్ల ఒకటొచ్చి చూసి వెళ్ళింది."

రెండు నిమిషాలకి మిషన్ తనంతట తానే ఆగిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ ఆగింది. సుమతి కిటికీ దగ్గరికి వంగి, ఎంతో మర్యాదగా, "అల్లుడుగారూ, ఆ అడుగు కుళాయి తెరిచారాండీ?" అని అడిగింది.

చక్రధర్ నేలపలక ఎత్తి లోపలికి తలదూర్చాడు. కుళాయి తెరిచే ఉంది. "తెరిచానండీ! మీట నొక్కకముందే తెరిచాను!" అని అరిచాడు, పరీక్ష పాసైన కుర్రాడిలాగా.

"అయితే తప్పు నాదే. ఇంక మీరే చూసుకోవాలి."

అతను టార్చి తీసుకుని పంపు దగ్గరనుంచి మిషన్ దాకా గొట్టాన్ని వేలితో తడుముతూ వెళ్ళాడు. సగం దూరంలో వేలు ఆగింది. పాత మిషన్‌కన్నా కొత్తదాని మూతి కిందుగా ఉంది. మిగిలిన గొట్టాన్ని కోయడానికి మనసొప్పక అతను పైకి వంచి కిందకి దించాడు. అక్కడ ఎద్దు మూపురంలా ఒక గుట్ట లేచింది. గాలి వెళ్ళి ఆ గుట్టలో కూర్చుంది. అది దిగదు, నీళ్ళని పోనివ్వదు. ఈ సంగతి ఎవరూ చెప్పకుండా తనకే తట్టినందుకు చెమటలో కూడా అతనికి సంతోషమేసింది.

కుళాయి కట్టి, కత్తి తీసి, ఈసారి తటపటాయించకుండా గొట్టం కోశాడు. పంపునుంచి మిషన్ దాకా ఎక్కడా దిగకుండా ఒకే ఏటవాలుగా పైకి ఎక్కేలా బిగించాడు. కుళాయి తెరిచి మీట నొక్కాడు. పంపు గుటకలేసింది, తుమ్మింది.

"అల్లుడుగారూ!" సుమతి కేక డాక్ చివరిదాకా వినిపించింది. "పడుతున్నాయి! బొటనవేలంత ధార!"

చక్రధర్ బయటికి పరిగెత్తాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి పడవ పక్కనుంచి నదిలోకి పడుతున్న నీళ్ళని చూశారు. చూడటానికి అందులో ఏమీ లేదు. అయినా చాలాసేపు చూశారు. తిరిగి లోపలికి వెళ్ళేసరికి చల్లగాలి వాళ్ళ మొహాలకు తగిలింది.

గురువారం సాయంత్రం గౌరి మెట్లు దిగి, ఆఖరి మెట్టుమీద ఆగిపోయింది.

"ఎవర్ని పిలిపించావు?"

"ఎవర్నీ లేదు."

"అమ్మా?"

"నేను లైటు పట్టానంతే," అంది సుమతి.

గౌరి నమ్మలేనట్టు చుట్టూ చూసింది. చూపు సోఫా దగ్గర ఆగింది. "ఇది కోసిందెవరు?"

"నేనే," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

గౌరి వంగి కోసిన అంచు వెంట వేలు పోనిచ్చి, ఎడమ మూల దగ్గర ఆపింది. "ఇక్కడేమైంది?"

"అక్కడ అల్లుడుగారికి తుమ్మొచ్చిందే," అంది సుమతి.

"తుమ్ము కాదు. చెయ్యి వణికింది," అన్నాడు చక్రధర్.

గౌరి అతనివంక ఒక్క క్షణం చూసింది. బ్యాగు పక్కన పడేసి, ఆ సోఫామీదే కూలబడి, చల్లగాలి వచ్చేచోటికి మొహం తిప్పి కళ్ళు మూసుకుంది. "ఆ పలకకి బందులు పెట్టి తలుపులా చెయ్యి. మళ్ళీ అవసరమొస్తుంది," అంది.

"శనివారం చేస్తాను."

"ఏ నెలలో?"

భోజనాలయ్యాయి. సుమతి రెండు దుప్పట్లు కప్పుకుని, చెవులకి మఫ్లర్ చుట్టుకుని సోఫా మూల ముడుచుకుని కూర్చుంది. ముక్కు తప్ప ఏమీ కనిపించడంలేదు. చక్రధర్ చూసి కంగారుగా లేచాడు.

"చలిగా ఉందా అత్తయ్యగారూ? తగ్గించనా?"

"అమ్మో, వద్దు," అందావిడ దుప్పట్లోంచి. "అలాగే ఉండనివ్వండి. పొద్దున్నే గిరిజకి ఫోన్ చేసి, ఈ పడవలో చలికి తట్టుకోలేకపోతున్నానని చెప్పుకోవాలి."