గొర్రెలు చూసిన రైలు

సాయంత్రం ఐదున్నరకు మల్లప్ప గొర్రెలు మేత చాలించి, ముళ్లకంచె రొప్పంలోకి తోలే ముందు, కొండ వాలులో కాసేపు నిలబడి ఆ రోజు చూసింది చెప్పేవి. మొత్తం నూట ముప్పై. సగం నల్లవి, సగం తెల్లవి. నల్లవన్నీ దగ్గరగా చేరి బొమ్మ అయ్యేవి, తెల్లవి చుట్టూ సర్దుకునేవి. పగలు బోరు లారీని చూసి ఉంటే బోరు లారీ, నక్కను చూసి ఉంటే నక్క. పెనుకొండ దగ్గరి ఆ పల్లెలో ఇది బర్రె పాలిచ్చినంత మామూలు సంగతి. కాకపోతే పైనున్న గుండు రాయి మీదికెక్కి చూస్తేనే బొమ్మ తెలుస్తుంది. కట్టెలకు పోయినవాళ్లు దిగొచ్చేటప్పుడు ఓ చూపు చూసి, "ఏమప్పా మల్లప్పా, మీ ఇంటికి ఎవరో జీపులో వచ్చినట్టుండారే" అని ఆరా తీసేవాళ్లు. మల్లప్ప కాదనడానికి వీల్లేదు. గొర్రెలు చూడనిది చెప్పవని ఊరందరికీ తెలుసు.

మల్లప్పకు ఒక్కతే కూతురు, హరిత. హిందూపురంలో డిగ్రీ రెండో సంవత్సరం. పొద్దున ప్యాసింజరెక్కి పోయేది, సాయంత్రం దిగేది. వారంలో మిగతా రోజులన్నీ శనివారం కోసమే ఓర్చుకునేది. శనివారం ఎస్తేరు మేడమ్ డిజిటల్ కథల క్లాసు ఉంటుంది. ఆ క్లాసులో చెంచాలు పెళ్లి చేసుకునేవి, శెనక్కాయలు క్రికెట్ ఆడేవి. వస్తువును కొంచెం జరిపి ఒక ఫొటో, ఇంకొంచెం జరిపి ఇంకో ఫొటో. అన్నీ వరసపెట్టి ఫోన్లో వేగంగా తిప్పితే ప్రాణమొచ్చినట్టు కదిలేది. చింతగింజలతో హరిత చేసిన చీమల ఊరేగింపు చూసి మేడమ్ క్లాసంతా చప్పట్లు కొట్టించింది. ఆ రోజు హరిత రైల్లో కూర్చోకుండా ఇంటిదాకా తలుపు దగ్గరే నిలబడి వచ్చింది, సంతోషం పట్టలేక.

అలాంటి సమయంలో మల్లప్ప రాళ్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రిలో మోకాలి దాకా సిమెంటు కట్టు వేసి, ఆరు వారాలు కదలొద్దన్నారు.

హరిత వాళ్లమ్మ యశోద హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీకి పోతుంది. తెల్లవారుజామున కంపెనీ బస్సెక్కితే మళ్లీ దీపాలు పెట్టే వేళకే రావడం. మరి గొర్రెలను ఎవరు మేపాలి?

"జయరాముడన్న మందలో కలిపితే పోలా?" అంది యశోద. "ఆయప్ప ఎప్పట్నుంచో అడగతానే ఉండాడు."

"వాని గొర్రెలు కలిస్తే మనవాటి మాట చెడిపోతాది," అన్నాడు మల్లప్ప. "మా తాత కాలం నుంచి ఉండే మంద. హరిత మేపుతాదిలే. ఈ యాడాదికి కాలేజీ చాలు. ఏం పాపా?"

హరిత తలూపింది. ఏం చేస్తుంది పాపం, మంచంలో ఉన్న తండ్రితో వాదిస్తుందా?

రెండో రోజే మేడమ్ ఫోన్ చేసింది. "హరితా, హాజరు తగ్గితే పరీక్ష రాయనివ్వరమ్మా. కనీసం ఫైనల్ ప్రాజెక్టయినా చేసి పంపు. మంచివాటిని ధర్మవరంలో అన్ని కాలేజీల ముందు తెర మీద వేస్తారు."

మంద మేస్తుంటే గుండు మీద చింతగింజలు పేరిస్తే గాలికి కొట్టుకుపోయాయి. చిల్లపెంకులు పేరిస్తే పొట్టేలు వచ్చి కాలు పెట్టింది. అప్పుడు చూపు కిందికి పోయింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. బొమ్మలై నిలబడే గొర్రెలు పుట్టినప్పటి నుంచీ కళ్లెదురుగానే ఉన్నా, అదొక చూపించదగ్గ విషయమని ఆమెకు తోచనే లేదు.

మొదట పెద్ద కథే అనుకుంది. పెనుకొండ కోటలో రాకెట్టు దిగడం. మూడు రోజులు గొంతు పోయేలా అరిచి, కర్ర పట్టుకుని గొర్రెలను రాకెట్టు చేయబోయింది. అవి నెమరేస్తూ విన్నాయి. మూడో సాయంత్రం తీరిగ్గా సర్దుకుని, కర్రెత్తి అరుస్తున్న ఒక పిల్లను చూపించాయి.

హరితకు సిగ్గేసింది. నాలుగో రోజు నోరు మూసుకుని, గుండు మీద ఫోన్ పట్టుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం గొర్రెలు చెప్పింది ఇది. రాతి మీద ఒక పిల్ల మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. దూరంగా రైలు వచ్చింది. పిల్ల లేచింది. ఒక్కో గొర్రె ఒక్కో అడుగు వేస్తుంటే, పిల్ల నడిచి నడిచి రైలెక్కింది. రైలు కదిలి వాలు చివరిదాకా పోయింది. రాయి ఖాళీగా మిగిలింది. అరగంట పట్టింది. హరిత నూట నలభై ఫొటోలు తీసింది.

ఫోన్ దించి, ఫొటోలన్నీ మళ్లీ మొదటి నుంచి తిప్పి చూసింది. ఆ రోజంతా తను గుండు దిగనే లేదు. ప్యాసింజరు పోయినప్పుడు లేచి నిలబడింది, అంతే.

ఎండకు గొర్రెల బుర్ర తిరిగిందేమో అనుకుంది. మరుసటి రోజు కూడా అదే చెప్పాయి, పిల్ల చంకలో పుస్తకంతో సహా. ఆ తర్వాతి రోజు పిల్ల రైలు తలుపు దగ్గర నిలబడి ఉంది. గొర్రెలు చూడనిది చెప్పవు. మరి చూసే ఉండాలి. రోజూ తొమ్మిదింటికి ప్యాసింజరు పోయేటప్పుడు తన ఒళ్లు గుండు మీద పడేసి తను ఎటు పోతోందో మనుషులకు కనపడలేదు గాని, పక్కన గడ్డి కొరికే గొర్రెలకు కనపడింది. హరిత కంబళిలో ముఖం పెట్టుకుని ఏడ్చింది.

ఇంటికొస్తే మల్లప్ప మంచం మీది నుంచే అడిగేవాడు. "ఈ పొద్దు ఏం చెప్పినాయి పాపా?"

"బస్సు నాయనా."

"మళ్లీ బస్సేనా? నిన్నా బస్సే అంటివే."

"అదే బస్సు."

ఒకరోజు ఆయనే ఉండి ఉండి, "కాలేజీ గుర్తొస్తాందా?" అన్నాడు.

"లేదు నాయనా. ఈడే బాగుండాది."

మల్లప్ప నమ్మాడు. నమ్మితే నిద్ర పడుతుంది కదా.

పదిహేను సాయంత్రాలు తీసి, అన్నీ అతికించి మేడమ్‌కు పంపింది. ఇంట్లో ఎవరూ చూడరనే ధైర్యం. మేడమ్ చూసి, "తెల్ల గొర్రెలు ఇంకాస్త దూరం జరిగి ఉంటే అంచు బాగా తేలేది," అని మాత్రం అంది. వారానికి ఎంపిక జాబితా వచ్చింది. హరిత ఫోన్లో చార్జింగు లేకపోవడంతో మేడమ్ నేరుగా మల్లప్ప నంబరుకే చేసింది.

"మన గొర్రెలు ధర్మవరంలో తెర మీదికి ఎక్కుతాండాయంట!" మల్లప్ప కట్టు కాలుతోనే మంచం దిగబోయాడు. "నేను రాకుండా ఎట్ల?"

హరిత వద్దంది, ఎండ అంది, మెట్లున్నాయంది. ఆయన వింటేనా! ఆ శనివారం యశోద సెలవు పెట్టి గొర్రెల వెంట పోయింది. తండ్రీ కూతుళ్లు రైలెక్కారు. దారి పొడవునా మల్లప్ప పక్కవాళ్లకు గొర్రెల సంగతి చెబుతూనే ఉన్నాడు. హరిత కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ధర్మవరంలో కల్యాణ మండపం నిండిపోయింది. హరిత స్నేహితురాలు వనిత చేసిన గరిటెల పంచాయితీకి జనం పగలబడి నవ్వారు. తర్వాత గొర్రెలు వచ్చాయి.

"అదిగో, కొమ్మిరిగిన పొట్టేలు! పిల్ల ముక్కంతా అదే!" మల్లప్ప గట్టిగా అన్నాడు. "ఆ జడ చివర ఉండేది మొన్న ఈనిందే!"

రైలు వచ్చింది. పిల్ల లేచి ఎక్కింది. మండపంలో ఈల వేశారు. మళ్లీ రాయి, మళ్లీ పిల్ల, మళ్లీ రైలు. ఐదోసారికి జనం పిల్లతో పాటు లేచి చప్పట్లు కొడుతున్నారు. పదిహేనోసారికి మండపం దద్దరిల్లింది. మల్లప్ప మాత్రం రెండోసారికే నోరు మూశాడు.

దీపాలు వెలిగాక మెల్లగా అడిగాడు. "బస్సు యాడుండాది పాపా?"

హరిత కింద పడున్న ఆయన కర్ర తీసి కుర్చీకి ఆనించింది.

"నూట ముప్పై నోళ్లు ఒకటే మాట చెప్తాండాయి. అబద్ధం నీదే." ఆయన కళ్లు తుడుచుకోలేదు. "నేను అడిగింది నిన్ను. అడగాల్సింది వాటిని."

మొదటి బహుమతి హరితదేనని చెప్పినప్పుడు ఆమెకు వెంటనే వినపడలేదు, వనిత తోస్తే లేచి వేదికెక్కింది. బహుమతి పటం పట్టుకుని దిగేసరికి ఎస్తేరు మేడమ్ మల్లప్ప పక్కన నిలబడి ఉంది. ముఖంలో ఆనందం ఉంది, దిగులూ ఉంది.

"ఇంత బాగా చేసి ఏం లాభమండీ? ఇరవై ఆరు రోజులు కాలేజీకి రాలేదు. పరీక్షకు కూర్చోనివ్వరు."

మల్లప్ప కర్ర ఊతంగా లేచాడు. "రాలేదని ఎవరన్నారు మేడమ్? దినామూ రైలెక్కుతానే ఉండె. చూడండి మీరే, మా గొర్రెలు సాక్షి."

 మేడమ్ సంచిలోంచి పెన్ను తీసింది. "ప్రాజెక్టు పని మీద కొండలో ఉందని హాజరులో రాస్తాను. ఇరవై ఆరు రోజులూ. అది నిజమే కదా. కానీ సోమవారం నుంచి మాత్రం మనిషే రావాలి."

"వస్తాది. మందను జయరాముని మందలో కలిపేస్తా."

హరిత ఉలిక్కిపడింది. "వద్దు నాయనా, బొమ్మ చెడిపోతాది! మళ్లీ మాట్లాడవేమో!"

"చెడిపోతే చెడిపోనీలే పాపా," అన్నాడు మల్లప్ప. "చెప్పాల్సింది చెప్పేసినాయి."

సోమవారం ప్యాసింజరు కొండ పక్కగా పోతుంటే హరిత తలుపు దగ్గరికి వచ్చి చూసింది. రెండు మందలు కలిసి వాలంతా చిందరవందరగా ఉంది, ఏవి ఎవరివో తెలియడం లేదు. పట్టాల దగ్గరి చెట్టు నీడలో, జయరాముడి పక్కన, మల్లప్ప కట్టు కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. రైలు కనపడగానే తలగుడ్డ విప్పి ఊపడం మొదలుపెట్టాడు. చివరి పెట్టె దాటిపోయేదాకా ఊపుతూనే ఉన్నాడు.