ఆనకట్ట మీద ఫెల్టు టోపీ

నేను ఒక టోపీని. ఎవరైనా ఎవరినైనా మోసం చేస్తే ‘టోపీ పెట్టాడు’ అంటారు మీరు. తలపాగా అంటే మీకు పౌరుషం గుర్తుకొస్తుంది, కిరీటం అంటే దేవుళ్ళు గుర్తుకొస్తారు, మా పేరు చెబితే మాత్రం ఎగవేతగాళ్ళు గుర్తుకొస్తారు. నేను పుట్టి ఇన్నేళ్ళయింది, ఒక్కరినీ మోసం చేసిన పాపాన పోలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మనసు కుదుటపడుతుంది, అందుకని చెప్పాను.

మా టోపీల్లోనూ రకాలున్నాయి. నేను ఫెల్టు టోపీని. అందులో గొర్రె ఉన్నితో చేసిన నాసిరకం ఒకటుంది, దాని సంగతి తర్వాత వస్తుంది. నాది అచ్చమైన కుందేలు బొచ్చు, మొదటి రకం. ఇప్పుడు బీరువాలో కలరా ఉండల మధ్య పడుకుని ఉన్నాను కాబట్టి ఈ గొప్పలు మీకు నవ్వు తెప్పించవచ్చు. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

సముద్రాల అవతల ఒక చలిదేశంలో పుట్టాను. నేత లేదు, కుట్టు లేదు. బొచ్చునంతా గాలిలో ఎగరేసి, ఒక శంకువు మీద పొరలుగా పరిచి, మరిగే నీళ్ళు పోసి, నలిపి, మళ్ళీ మరిగే నీళ్ళు పోసి, మళ్ళీ నలిపారు. మొదట్లో నేను వడ్లబుట్టంత ఉండేవాణ్ణట. నలిగిన కొద్దీ కుంచించుకుపోయి, చిక్కబడి, చివరికి ఒక మనిషి తలకి సరిపడేంత అయ్యాను. ఆ బాధ పడినందుకే వాన నన్నేమీ చేయలేదు, ఎండ నన్నేమీ చేయలేదు. లోపల మెత్తటి తోలు పట్టీ వేసి, గుండ్రటి అట్టపెట్టెలో పెట్టి ఓడ ఎక్కించారు.

నన్ను తెప్పించుకున్న దొర బెజవాడలో ఉండేవాడు. నేను ఓడ దిగేసరికి ఇక్కడ స్వాతంత్ర్యం వచ్చింది, ఆయన ఇంకో ఓడ ఎక్కి వెళ్ళిపోయాడు. దాంతో గవర్నరుపేటలో ఖాదర్ సాహెబు గారి దుకాణంలో పై అర మీద ఉండిపోయాను. ఎన్నో ఏళ్ళు. కింద అరలో గాంధీ టోపీలు వేడి బజ్జీల్లా అమ్ముడుపోయేవి. చలికాలం మంకీ టోపీలు పోయేవి. నన్ను దింపి, దుమ్ము దులిపి, ‘నీకు తగ్గ తల ఈ ఊళ్ళో లేదబ్బా’ అని మళ్ళీ పైన పెట్టేవాడు సాహెబు.

ఆ తల ఒక చైత్రమాసపు ఉదయం దుకాణం మెట్లెక్కింది. నేతచీర, భుజానికి సంచి, మెడ వెనక పెద్ద కొప్పు. పేరు చావలి సుభాషిణి. ఇంజనీరింగు చదివి, గుంటూరు జిల్లాలో ఒక వాగు మీద మట్టి ఆనకట్ట కడుతుంటే అక్కడ సూపర్వైజరుగా చేరిన పిల్ల.

“ఫెల్టు టోపీ కావాలండీ, మంచిది,” అంది.

“మీవారి తల కొలత తెచ్చారా అమ్మా?” అన్నాడు సాహెబు టేపు తీస్తూ.

“నాకేనండీ.”

సాహెబు టేపు చుట్టేసి బల్ల మీద పెట్టాడు. “ఇది మగవాళ్ళ సరుకమ్మా,” అన్నాడు.

“ఎండకి మగా ఆడా తెలియదు కదండీ. చూపించండి.”

సంగతేమిటంటే, అంతకు కొద్దిరోజుల ముందే ఆ అమ్మాయి కట్ట మీద ఎత్తులు కొలిచే లెవెల్ యంత్రంలో కన్ను పెట్టి చూస్తూ చూస్తూ వడదెబ్బకి కూలిపోయింది. వాళ్ళ పెద్ద ఇంజనీరు గోటేటి పతంజలి గారు చెడ్డవాడేం కాదు. పిలిచి నెమ్మదిగానే చెప్పారు: ఇంకోసారి పడిపోతే సైటు వదిలేసి డ్రాయింగు ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని పటాలు గీసుకోవాలి. ఆ పిల్లకి గీసిన పటాలు మట్టిగా, రాయిగా లేవడం చూడాలని ఉంది. ఆ ఆశతోనే అన్నేళ్ళు మగపిల్లల మధ్య ఒంటరిగా కూర్చుని చదివింది. గొడుగు వేసుకుందామంటే యంత్రానికి రెండు చేతులూ కావాలి. ఓవర్సీర్ల బెండు టోపీ పెట్టి చూస్తే కొప్పు మీద తట్టలా కూర్చుంది, మొదటి గాలికే వాగులో పడింది. ఇక మిగిలింది చీరకొంగు. అది నెత్తిన కప్పుకుని ఇంటికి వస్తే వాళ్ళ బామ్మ గుమ్మంలోనే కేక పెట్టిందట. ఆ కథ నేను తర్వాత విన్నాను.

సాహెబు మొదట చవక రకం ఒకటి ముందు పెట్టాడు. అది గొర్రె ఉన్నిది. సుభాషిణి దాని అంచు నలిపి వదిలింది, అది నలిగినట్టే ఉండిపోయింది. “గ్లాసుతో మంచినీళ్ళు ఇప్పిస్తారా?” అంది. పాపం దాహమనుకుని ఇచ్చాడాయన. ఆ నీళ్ళు తీసుకెళ్ళి టోపీలో పోసింది. కాసేపటికి అడుగున చెమ్మ పట్టి, బల్ల మీదికి బొట్లు బొట్లుగా కారాయి.

“ఇంకోటి చూపించండి.”

అప్పుడు నన్ను దింపారు. నా అంచు మడిచింది, తిరిగి లేచి నిలబడ్డాను. లోపలి తోలు పట్టీని గోటితో గీరి చూసింది. చివరికి నాలోనూ నీళ్ళు పోసింది. చలిదేశపు పెద్దమనుషుల తలల కోసం తయారైన నన్ను చెంబు కింద వాడుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా రోషం వచ్చి ఒక్క చుక్క కూడా వదల్లేదు. ఆవిడ నన్ను ఎత్తి అడుగు చూసి, మొదటిసారి నవ్వింది.

తలకి పెట్టుకుంటే వెనక కొప్పు అడ్డం వచ్చి ముందుకి ఒరిగిపోయాను. సాహెబు ‘చెప్పాను కదమ్మా’ అన్నట్టు చూశాడు. సుభాషిణి పిన్నులు ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టి, జుట్టు విప్పి, అక్కడే నిలబడి జడ అల్లుకుంది. జడతో సరిగ్గా కుదిరాను. సాహెబు అద్దం పట్టుకుని, “నీకు తగ్గ తల దొరికిందిరా అబ్బాయ్,” అన్నాడు నాతో.

తల దొరికింది గాని ఇల్లు దొరకలేదు. ప్రాజెక్టు క్వార్టర్సులో ఆ పిల్లకి తోడుగా ఉన్నది వాళ్ళ బామ్మ, మహాలక్ష్మమ్మ గారు. కొడుకు ఒళ్ళో ఉండగానే భర్త పోతే, ఆనాటి ఆచారం ప్రకారం తల గొరిగించుకుని తెల్లచీర కొంగు నెత్తిన కప్పుకున్న మనిషి. ఆ కొంగు ఆ తల మీంచి జారగా ఎవరూ చూసి ఎరగరు. నన్ను చూసి నాలుగడుగులు వెనక్కి వేసింది.

“ఏవిటే అది?”

“టోపీ బామ్మా. కుందేలు బొచ్చుతో చేస్తారు.”

“లోపలా?”

“తోలు.”

“శివశివా. మడితో వంట చేసుకునే ఇంట్లోకి బొచ్చూ తోలూ తెచ్చావుటే? దాన్ని గడప దాటించావంటే నేను మన ఊరు వెళ్ళిపోతాను.”

“పోనీ కొంగు కప్పుకోనా?”

ఆ మాటకి ఆవిడ గొంతు మారిపోయింది. “వద్దే. నువ్వు నెత్తిన కొంగేసుకుని వస్తుంటే నన్ను నేను చూసుకున్నట్టుంటుంది. ఆ బొచ్చే నయం. వరండాలో తగలెయ్యి.”

అలా వరండాలో మేకుకి వేలాడాను. ఆవిడ నా పక్కనుంచి వెళ్ళాల్సి వస్తే చీర కుచ్చెళ్ళు దగ్గరికి లాక్కునేది. కుందేలు ఆకులు తప్ప ఏమీ తినదు, ఆవిడకంటే నిష్ఠగా బతికే ప్రాణి. చెప్పుకుందామంటే నాకు నోరు లేకపోయె.

ఎండలు ముదిరాయి. వానలు పడి వాగు పొంగేలోగా కట్ట పూర్తి కావాలని పనులు ఊపందుకున్నాయి. సుభాషిణి పొద్దున్న నన్ను తీసి పెట్టుకుంటే సూర్యుడు దిగాకే తీసేది. మొదట్లో కూలివాళ్ళు నవ్వారు, ‘టోపీ అమ్మగారు’ అని పేరు పెట్టారు, తర్వాత నవ్వడం మానేశారు. ఆవిడ చెమట నా తోలు పట్టీకి పట్టి నల్లబడింది. సుభాషిణి ఒక్కరోజు కూడా పడిపోలేదు. పతంజలి గారు మాత్రం కనబడినప్పుడల్లా, “ఎలా ఉంది అమ్మాయ్, తట్టుకోగలవా? రోహిణి కార్తె ముందుంది,” అనేవారు. డ్రాయింగు ఆఫీసులో కుర్చీ ఖాళీగానే ఉంచారని అందరికీ తెలుసు.

ఆ రోహిణి కార్తెలోనే ఒకరోజు తెల్లవారకముందే జీపు వచ్చి హారను మోగించింది. ముందువారం పడ్డ అకాల వానకి కట్ట వెనక నీళ్ళు నిలిచాయి, తూము దగ్గర కట్టకి నీరు చెమర్చుతోందని కబురు. సుభాషిణి ఉన్నపళంగా జీపెక్కి వెళ్ళిపోయింది. నేను మేకుకే ఉండిపోయాను.

పొద్దెక్కింది. మహాలక్ష్మమ్మ గారు మడి కట్టుకుని వాకిట్లోకి వచ్చి నన్ను చూసింది. ఎండ వైపు చూసింది. మళ్ళీ నన్ను చూసింది. “అయ్యో, దీన్ని మరిచిపోయిందే,” అని ఎవరి చేతనైనా పంపుదామని వీధిలోకి వెళ్ళి పిలిచింది. క్వార్టర్సులో నరపురుగు లేదు, అందరూ కట్ట దగ్గరే ఉన్నారు. ఆవేళ పెద్ద ఇంజనీరు కూడా వస్తున్నాడని ఆవిడకి తెలుసు.

లోపలికి వెళ్ళి, దండెం మీద మడిబట్టలు తీసే కర్ర తెచ్చింది. దాని కొసకి నన్ను తగిలించుకుని, ఒంటికి ఆమడ దూరంలో పట్టుకుని బయలుదేరింది. పది అడుగులు వేసిందో లేదో గాలికి ఎగిరి దుమ్ములో పడ్డాను. మళ్ళీ తగిలించింది, మళ్ళీ పడ్డాను. మూడోసారి నా వెంట పరిగెత్తాల్సి వచ్చేసరికి ఆవిడకి విసుగొచ్చింది. కర్ర పక్కన పారేసి, వంగి, నన్ను చేత్తో పట్టుకుంది. మడి పోయింది. ఆవిడ ఒక క్షణం ఆగి, చేతిలో ఉన్న నన్ను చూసి, “పద,” అంది.

క్వార్టర్సు నుంచి కట్ట మైలు దూరం. చెట్టు లేదు. ఆవిడ కాళ్ళకి చెప్పుల్లేవు. సగం దూరం వచ్చేసరికి రెండో చేత్తో కొంగు మీంచే నెత్తి తడుముకుంది. పలుచటి నూలు కొంగు కింద జుట్టు లేని తల ఎంత కాలుతుందో నేను అంతవరకూ ఆలోచించలేదు. ఆవిడ ఆగి, ముందుకీ వెనక్కీ చూసి, కొంగు భుజాల మీదికి తోసి, నన్ను నెత్తిన పెట్టుకుంది.

నేను నీడ ఇవ్వడానికే పుట్టాను. ఆ వృత్తిలో నాకు గర్వం ఎక్కువే. కాని ఆ తల నాకు తగిలినప్పుడు గర్వం కలగలేదు, ఏడుపొచ్చింది. నున్నటి నెత్తి మీద మంగలి కత్తి తర్వాత మొలిచిన బిరుసు వెంట్రుకలు నా తోలు పట్టీకి గుచ్చుకున్నాయి. ఆవిడకి హాయిగా ఉన్నట్టుంది. నడక నెమ్మదించి, నిటారుగా నడిచింది.

తెల్లచీర, నెత్తిన దొరటోపీ, ఒట్టి కాళ్ళు. మట్టి మోసే ఆడవాళ్ళు తట్టలు ఆపి చూశారు. ఒక్కరూ నవ్వలేదు. తూము దగ్గర సుభాషిణి మొహం ఎర్రగా కందిపోయి, పెదాలు ఎండిపోయి, ఒక చెయ్యి గోడకి ఆనించి నిలబడి ఉంది. పరిగెత్తుకొచ్చింది.

“బామ్మా! ఇదేమిటి?”

“మాట్లాడకు. పెట్టుకో,” అని నన్ను తీసి మనవరాలి నెత్తిన పెట్టి, గబగబా కొంగు కప్పుకుంది మహాలక్ష్మమ్మ గారు.

అప్పుడే పతంజలి గారి జీపు వచ్చి ఆగింది. దొరలు వెళ్ళిపోయి పదేళ్ళయినా వాళ్ళ అలవాటొకటి ఆ ఆఫీసులో మిగిలిపోయింది. పై అధికారి వస్తే కిందివాళ్ళు టోపీలు తీసి చేత్తో పట్టుకోవాలి. ఆయన మాత్రం పెట్టుకునే ఉంటారు. ఓవర్సీర్లందరూ మండుటెండలో టోపీలు తీసి వరసగా నిలబడ్డారు. పతంజలి గారి చూపు వరస వెంట వచ్చి సుభాషిణి దగ్గర ఆగింది.

“అమ్మాయ్, టోపీ,” అన్నారు మెల్లగా.

“తీయనండి.”

ఓవర్సీర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా కింద ఆ పిల్ల కణతలు వేడిగా కొట్టుకోవడం నాకు తెలుస్తోంది.

“మర్యాద గురించి చెబుతున్నానమ్మా.”

“నాకూ మర్యాద తెలుసండీ. పొద్దుటినుంచి ఒట్టి నెత్తితో ఉన్నాను. ఇప్పుడు ఇది తీస్తే పడిపోతాను. పడిపోతే మీరు డ్రాయింగు ఆఫీసుకి వేస్తారు. నాకు ఈ కట్ట కావాలి సార్.” ఎండిన పెదాలు తడుపుకుని, మళ్ళీ అంది: “పైగా దీన్ని మా బామ్మ మైలు దూరం నడిచి తెచ్చి నా నెత్తిన పెట్టింది. మీరు తీయమన్నా నేను తీయలేను.”

పతంజలి గారు పక్కకి చూశారు. ముసలావిడ కాలే నేల మీద ఒక పాదం మార్చి ఒక పాదం వేస్తూ, మనవరాలి మొహం మీంచి చూపు తిప్పకుండా నిలబడి ఉంది.

“ఆవిణ్ణి షెడ్డులో నీడన కూర్చోబెట్టండి,” అన్నారు. తర్వాత ఓవర్సీర్ల వైపు తిరిగి, “మీరూ పెట్టుకోండయ్యా, ఎండగా ఉంది,” అన్నారు. ఆ మాట కోసమే ఇన్నేళ్ళూ ఎదురుచూస్తున్నట్టు అందరూ ఒక్కసారే టోపీలు పెట్టుకున్నారు.

మధ్యాహ్నమంతా చెమర్చిన చోట తవ్వి, బంకమట్టి నింపి, దిమ్మిసలతో గట్టిగా కొట్టించింది సుభాషిణి. పొద్దువాలే వేళకి తడి ఆగింది. పతంజలి గారు స్వయంగా వంగి, చేత్తో తడిమి చూశారు. జీపెక్కబోతూ, “డ్రాయింగు ఆఫీసుకి ఇంకెవరినైనా చూస్తాలే,” అన్నారు.

సుభాషిణి షెడ్డు దగ్గరికి వచ్చి, “పద బామ్మా, బండిలో ఇంటికి వెళ్దాం,” అంది.

“ఉండవే. ఇంతదూరం వచ్చాను. నువ్వు కట్టేదేవిటో చూడనీ.”

ఇద్దరూ కట్ట మీదికి ఎక్కారు. ఒకవైపు కొత్తగా నిలిచిన నీళ్ళు, ఇంకోవైపు నీళ్ళ కోసం ఎదురుచూస్తున్న బీడు. “ఇదంతా నువ్వేనుటే?” అంది ముసలావిడ. “అందరం బామ్మా.” “నువ్వూ ఉన్నావుగా,” అంది ఆవిడ.

నీళ్ళ మీంచి గాలి లేచింది. తెల్లకొంగు ఎగిరి భుజాల మీద పడింది. కింద మట్టిపని ముగించుకుని ఇళ్ళకి వెళ్తున్న వందల మంది జనం ఉన్నారు. ఆవిడ చెయ్యి అలవాటుగా కొంగు కోసం లేచింది. సుభాషిణి గబుక్కున నన్ను తీసి ఆ తల మీద పెట్టబోయింది.

మహాలక్ష్మమ్మ గారు మనవరాలి చెయ్యి పట్టుకుని ఆపింది. ఎత్తిన తన చేతిని కూడా మెల్లగా దించేసింది.

“ఉండనీవే,” అంది. “గాలి తగులుతోంది.”