స్నో అనే మాట

నా చెల్లెలు జాయిస్ పోయిన రోజు, విజయవాడ నుంచి అంబులెన్సు ఇంకా ఇల్లు చేరకముందే, అమ్మ అలమర తీసి అందులో ఉన్న సన్‌స్క్రీన్ ట్యూబులు రెండూ వీధి కాలువలో పారేసింది. "ఇవే నా పిల్లను తినేశాయి" అంది. ఆ రెండింటికీ మూత కింద రేకు ఊడలేదు. అమ్మ అది చూడలేదు. నేను చూశాను.

జాయిస్ నందిగామలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేసేది. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సు. రెండేళ్ళ క్రితం లూపస్ అని తేలింది, ఒంటి రక్షణశక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు. ఎండ తగిలితే ముక్కుకు రెండు పక్కలా ఎర్రగా పొంగేది, వెనకే జ్వరం, కీళ్ళనొప్పులు. నందిగామ చర్మం డాక్టరు మాత్రలతో పాటు ఆ ట్యూబు రాసిచ్చి, బయట ఉన్నంతసేపూ రెండు గంటలకొకసారి పూసుకోమన్నాడు. ఆమె చామనచాయ మీద అది తెల్లగా తేలేది. అందులో ఏం కలుపుతారో, అది రక్తంలోకి పోతుందేమోనని నేను ఫోన్‌కు వచ్చినవన్నీ చదివి వినిపించేవాణ్ణి.

"జింక్ అన్నయ్యా ఇది, చర్మం మీదే ఉంటుంది. నువ్వు బళ్ళో సోషల్ చెప్పుకో, సైన్సు జోలికి రాకు" అనేది.

మునిసిపల్ ఎన్నికల్లో మా వార్డుకు స్వతంత్రంగా నిలబడింది. అడిగింది ఒక్కటే: బడి వేళల్లో సిమెంటు లారీలు మా వీధిన పోకూడదు. కరపత్రం మీద బొమ్మ తనే వేసుకుంది. చిన్న చిన్న గళ్ళకు రంగులు నింపి బొమ్మ కట్టడం ఆమె సరదా. పిక్సెల్ ఆర్ట్ అంటారట. బస్సులో కూర్చుంటే ఫోన్ మీద అదే పని. లారీ, బడి గేటు, సంచి తగిలించుకున్న పిల్ల, అన్నీ గళ్ళే.

"లారీయా ఇది, ముగ్గా?" అన్నాడు పక్కింటి చిన్నబాబు.

"ముగ్గే బాబాయ్. లారీ తొక్కకుండా ఓటెయ్యి."

ప్రచారం మొదటి రోజు ఉదయం వాకిట్లో నిలబడి ట్యూబు రాసుకుంటోంది. చుట్టూ పదిహేను మంది. అమ్మ లోపల టీ కాస్తోంది. అందరినీ నవ్వించాలని నేనే అన్నాను: "ఏమ్మా, స్నో కొట్టావు, ఓట్లకా, పెళ్ళిచూపులకా?"

మా ఇళ్ళల్లో ముఖానికి రాసే ప్రతిదీ స్నోనే. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. సాయంత్రానికి ఆ మాట అవతలి అభ్యర్థి మనుషులకు చేరింది. మర్నాడు మలుపులో కేక వినిపించింది: "స్నో మేడం వస్తోందిరోయ్, కళ్ళజోళ్ళు పెట్టుకోండి!" ఓట్ల రోజు దాకా ఆమెకు అదే పేరు.

ఓడిపోయింది. నెల తిరక్కుండా జ్వరం మొదలైంది. ఆ తర్వాత కిడ్నీలు. ఎండ ఒక్కటే కారణమని చెప్పలేమన్నాడు విజయవాడ డాక్టరు. ఎండ కారణం కాదని మాత్రం అనలేదు.

పోయినవాళ్ళ కోసం జరిపే ఆదరణ కూడిక ప్రార్థనలో పెట్టడానికి ఫోటో కోసం ఆమె ఫోన్ వెతికాను. గళ్ళ బొమ్మల్లో ఆమె ముఖం రెండుసార్లు ఉంది. మొదటిది నేను ఆ మాట అన్న రోజు వేసింది. బుగ్గల మీద తెల్ల గళ్ళు. కింద ‘స్నో 1’ అని పేరు. వారం తర్వాతది ‘స్నో 2’. అందులో తెల్ల గళ్ళు లేవు. వాటి చోట ఎరుపు.

ఆదరణ కూడిక ముగిశాక కన్యకాపరమేశ్వరి గారు ఆగారు. బజారులో ఫ్యాన్సీ షాపు వాళ్ళది. కూతురు నిఖితకూ ఇదే జబ్బు, అదే డాక్టరు. ఆ అమ్మాయి చున్నీ ముఖానికి చుట్టుకుని వచ్చింది.

"మాస్టారూ, ఆ క్రీమ్ వల్లేనంటగా? అమ్మగారు చెప్పారండి. వారం నుంచి దీనికి మాన్పించేశా."

"మంచి పని చేశావు తల్లీ" అంది అమ్మ.

నిఖిత నా వైపు చూసింది. "ఎలా రాయాలో నాకు జాయిసక్కే నేర్పింది సార్. తను రోజూ రాసుకునేది కదా?"

"లేదమ్మా. ఎన్నికలప్పుడు మానేసింది. నువ్వు మానొద్దు. రేపే వెళ్ళి డాక్టర్ని అడగండి."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మానేసిందా? ఎందుకు?"

"ఎవరో ఎగతాళి చేశారు."

"ఒరే ఏలీయా, ఎవడ్రా వాడు? వాడి నోరు పడిపోను!"

నేను కుర్చీలు మడవడానికి లేచాను.

నిఖిత మళ్ళీ రాసుకుంటోందని తెలిసింది. అమ్మ వీధిలో ఒక్కొక్కరినీ అనుమానించి, చివరికి చిన్నబాబు దగ్గర ఆగింది. అతనితో మాటలు మానేసింది. ఆ ఉదయం అతను వాకిట్లోనే ఉన్నాడు, అంతా విన్నాడు. అయినా నా పేరు చెప్పలేదు. మా గుమ్మం ముందు తలదించుకుని పోతున్నాడు.

నేను అమ్మకు ఇంకా చెప్పలేదు.