నారాయణ ఈల

పిట్టల మీద పరిశోధన చేసే మెహతాబ్‌ది మొండితనమే. లేకుంటే ప్రొద్దుటూరులో నీడపట్టున కూర్చోక, జమ్మలమడుగు అవతల ముండ్లకంపల్లో మూడేండ్లు ఎవరు తిరుగుతారప్పా? ఆమెకు కావల్సింది ఒకే ఒక్క కలివికోడి. పొద్దు గూకినాక బయటికొచ్చే పిట్ట అది, లోకంలోనే అంతరించిపోయిందంటాండారు, కంపచెట్లు లేనిచోట బతకదు. ఉన్నట్టు ఒక్క సాక్ష్యం దొరికితే ఈ అడవి నిలుస్తుంది. లేదంటే సోమవారం అటవీశాఖ పెద్దసారు విచారణ అయిపోతానే జేసీబీలొచ్చి అంతా చదును చేస్తాయి.

గురువారం తెల్లారి, చెట్టుకు కట్టిన రికార్డరు విప్పి వింటే కూత వినపడింది. మెహతాబ్ కండ్లలో నీళ్లు తిరిగినాయి. దారి చూపించే నాగేంద్ర చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి, "ఇను మామా, దొరికింది!" అనింది.

నాగేంద్ర విన్నాడు. ముఖం నల్లబడింది. "ఇది పిట్ట కాదు తల్లీ. మా నాయన ఈల."

వాళ్ల నాయన నారాయణ వేంపల్లె సంత దాకా పేరుపడిన పిట్టలోడు. ఆయన ఈలేస్తే పిట్ట తనంతట తనే నడుచుకుంటా వచ్చి ఉచ్చులో కాలు పెట్టేదంట.

"ముందరి పన్ను లేదాయనకు. కూత కొసన గాలి జారతాంది, ఇనపడ్లా?"

"యాడున్నాడు మీ నాయన?"

"సచ్చిపోయి పదకొండేండ్లాయె."

మెహతాబ్ నవ్వేసింది. చదువుకున్నోళ్లకు భయమేస్తే నవ్వొస్తుంది, ఏం చేస్తాం. పిట్ట కూత పిట్టదే అని, ఆ సాయంత్రం అదే కూతను స్పీకర్లో పెడతానంది. నిజం పిట్ట ఉంటే బదులు పలుకుతుంది, వాళ్ల చదువులో ఉండే పద్ధతే. కాలిగుర్తు పడాలని దారికి అడ్డంగా జల్లెడ పట్టిన మట్టి కూడా పరిచింది.

నాగేంద్ర కాళ్లు పట్టుకున్నంత పని చేసినాడు. "వద్దమ్మా! సచ్చినోని ఈల మా పిట్టలోళ్లు ఆటకు కూడా వెయ్యరు. వేస్తే పిట్ట వానికాడికే పోతుంది."

"అయితే సోమవారం సారుకు నువ్వే చెప్పుకో, పో!" అని కసిరి, మీట నొక్కింది.

మూడుసార్లు మోగించింది. ఉత్తరం పక్కనుంచి సన్నగా బదులొచ్చింది. వెంటనే వెనకుండే వాగువంకలోంచి ఇంకొకటి, శానా దగ్గరగా, కొసన గాలి జారతా. ఆ తర్వాత కీచురాళ్లు కూడా నోరు మూసుకున్నాయి. ఇద్దరూ వెనక్కి చూడకుండా జీపు దాకా పరిగెత్తినారు.

తెల్లారి వచ్చి చూస్తే మట్టి మీద మూడు వేళ్ల చిన్న చిన్న అడుగులు. అనుమానం లేదు, కలివికోడివే. నేరుగా నడిచొచ్చి మట్టి నడిమధ్యన ఆగిపోయినాయి. వాటి ఎదురుగా, మునివేళ్ల మీద గొంతుకూర్చున్న మనిషి పాదాల గుర్తులు రెండు. ఆ మనిషి వచ్చిన జాడ లేదు, పోయిన జాడ లేదు.

నాగేంద్ర ఆడే కూలబడినాడు. "ఒక్కటే మిగిల్నింది గదా నాయనా! దాన్ని కూడా వదల్లేదా?" అని చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాడు.

మెహతాబ్ ఫొటో తీసింది. మనిషి పాదాలు పడకుండా కత్తిరించింది. అడవైనా మిగలాల గదా అని తనకు తానే చెప్పుకుంది.

సోమవారం విచారణలో పెద్దసారు భూతద్దం పెట్టి ఫొటో చూసినాడు, లేచి ఆమెతో చెయ్యి కలిపినాడు. అడవిని ముట్టుకోకూడదని అక్కడికక్కడే సంతకం పెట్టినాడు. జనం చప్పట్లు కొట్టినారు.

"ఇంకొక్క ఫొటో ఇయ్యమ్మా," అన్నాడు సంతోషంగా. "మట్టి దాటినాక పిట్ట ఎటు పోయిందో రాసుకోవాల."

అందరూ మెహతాబ్ వైపే చూస్తాండారు.

"దాటలేదు సార్," అనింది.