కంబళంత మోడం

పొద్దున్నే చద్ది తిని, హనుమక్క చేని గట్టు మీద గోనెపట్ట పరుచుకుని కూర్చుంటుంది. ముందు ఊపిరి చూసుకుంటుంది. ఊపిరి కుదురుకునేసరికి, కొండ మీది గాలిమరల సందులోంచి కంబళంత మోడం, నల్లటి మబ్బు ఒకటి వచ్చి ఆమె నెత్తిన నిలుస్తుంది. అప్పుడు రొంటిన దోపుకున్న పూసలు తీసి 'ఓం మణి పద్మే హుం' అని తిప్పుతుంది. మోడం కరిగి శెనక్కాయ చెట్ల మీద సాలు వెంబడి సాలు తడుపుతూ పోతుంది. పక్కచేని సుబ్బరత్నమ్మ ఆ వేళకి మిరపకాయలు ఎండబెట్టదు, అంతే.

ఊపిరి చూడడం నేర్పింది వనజాక్షి. ఆదివారాలు తన వసారాలో ఊళ్లోవాళ్లను కూర్చోబెట్టి ధ్యానం చేయించే మనిషి. పూసలేమో మైసూరు అవతల టిబెట్టోళ్ల మొక్కజొన్న చేలల్లో కూలికి పోయినప్పుడు ఒక ముసలామె ఇచ్చినవి. అదీ బుద్ధుడిదే, ఇదీ బుద్ధుడిదే అని హనుమక్క రెండూ పట్టుకుంది. ధ్యానంలో ఉలకని వనజాక్షికి ఆ పూసల చప్పుడు వింటే మాత్రం ఒళ్లు మండేది.

"నాలుగుచోట్ల గీకితే నీళ్లు పడతాయా హనుమక్కా? ఒకేచోట లోతుగా తవ్వల్ల. ఆ పూసలన్నా వదిలెయ్, నా వసారాకి రావడమన్నా మానెయ్."

తన మొగుడు పోయి గుండె పగిలి ఏడుస్తాంటే, పక్కన కూర్చుని ఊపిరి చూపించిన మనిషి. ఆమె మాట తీసెయ్యబుద్ధి కాక హనుమక్క పూసలు గూట్లో పెట్టేసింది.

మర్నాటి నుంచి మోడం వచ్చేది, నిలిచేది, నీడ ఇచ్చి పోయేది. పూత రాలి, కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగే అదునులో నేల గట్టిపడిపోయింది. ఆకులు ముడుచుకున్నాయి.

ఆ చేను హనుమక్క కూతురు జాయ్ గుత్తకు తీసుకున్నది. బెంగుళూరులో ఇళ్లల్లో అంట్లు తోమి తోమి, ఇంక పోనని ఒట్టేసుకుని వచ్చిన పిల్ల. ఇప్పుడు మళ్లీ బ్యాగు సర్దుకుంటోంది.

"ఇది ఎండిపోతే ఈడ నాకేముండాది మా? రేపు బస్సుకు పోతాండా. డ్రైవరు వెంకటేశులన్నకు సీటు పెట్టమని చెప్పినా."

హనుమక్క నేరుగా వనజాక్షి ఇంటికి పోయింది.

"అక్కా, మీ నాయన ఒకేచోట పాతాళం దాకా బోరు దింపినాడు. నీళ్లు పడినాయా?"

వనజాక్షి చేతిలోని చీపురు గోడకు ఆనించింది.

"శెనక్కాయలో కంది సాళ్లు ఎందుకేస్తాం? ముందు వానకు అది, వెనక వానకు ఇది. చేను ఒకటే గదా. నువ్వు నేర్పిన ఊపిరితో మనసు నిలుస్తాది. పూసలతో కరుగుతాది. నాకు రెండూ కావల్ల. వసారాకి రావద్దంటే రాను. నువ్విచ్చిన ఊపిరి మాత్రం వదల్ను."

వనజాక్షి పీట వాల్చింది. "కాఫీ తాగి పో," అంది.

తెల్లారి హనుమక్క గట్టు మీద కూర్చుని కళ్లు మూసుకుంది. కాసేపటికి పక్కన ఇంకో గోనెపట్ట పరిచిన చప్పుడైంది. వనజాక్షి ఏమీ అనకుండా కూర్చుని తన ఊపిరి తను చూసుకుంటోంది. ఆ పొద్దు మోడం రెండు కంబళ్లంత వచ్చింది. హనుమక్క పూసలు తీసింది.

రోడ్డు మీద బ్యాగుతో నిలబడిన జాయ్ మొదటి చినుకుల వాసనకు చెప్పులు విడిచి చేలోకి దిగింది. ఒక చెట్టు మొదట్లో వేలితో మన్ను కదిలించి చూసింది. మెత్తబడిన నేలలోకి ఊడ దిగుతోంది.

బస్సు వచ్చి హారన్ కొట్టింది. "ఎక్కుతావా లేదా పాపా?" అని వెంకటేశులు తల బయటపెట్టి అడిగాడు.

జాయ్ వంచిన నడుం ఎత్తలేదు.

"నువ్వు పోన్నా. నాకు ఈడ పనుండాది."