గోరుకు దొరకని అతుకు

నేను పుస్తకాలకు బైండింగు చేసేవాణ్ణి. భవానీపురంలో నలభై ఏళ్లు అదే పని. చదివింది మూడో తరగతి. నేను కుట్టిన పుస్తకాలను మా ఆవిడ నజీమా చదివేది. ఇంట్లో వెలుతురు చాలదు. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఆమె పైకి చదివేది, నేను సూది నడుపుతూ వినేవాణ్ణి. షుగరు కళ్లకు ఎక్కాక అచ్చు అక్షరాలు ఆమెకు చీమల్లా కనిపిస్తున్నాయి. నాలుగు నెలలుగా మా అరుగు మీద మాట లేదు.

కళ్ల ఆస్పత్రిలో నర్సు శౌరమ్మ చెప్పింది, అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకునే పలక ఉందని. ఈ-బుక్ రీడర్ అంటారట. "కాగితంలాగే ఉంటుంది, కళ్లకు కొట్టదు" అంది. కాగితంలాగే అన్నదే నాకు మింగుడుపడలేదు. కాగితం సంగతి నాకు తెలుసు.

ఇద్దరం ఏలూరు రోడ్డులో ఒక కొట్టుకు వెళ్లాం. కొట్టాయన పేరు దుర్గాప్రసాద్. తళతళలాడే రంగుల పలకను మా ముందు పెట్టాడు.

"రీడరేనా ఇది?" అన్నాను.

"రీడరేంటండీ సాయిబుగారూ, ఇందులో లేనిదేంటి? సినిమాలు, పాటలు, వీడియో కాల్సు..."

"మేం పుస్తకాలు అడిగాం."

"అవీ ఇందులో వేలకు వేలు పడతాయండీ."

అడగనివి ముందు చెప్పేవాడు అడిగింది దాస్తాడు. అద్దాల బీరువాలో ఇంకో పలక కనిపించింది. లైటు లేదు, తీగ లేదు. దాని మీద నల్లటి అక్షరాలు మాత్రం ఉన్నాయి.

"అదేంటి?"

"అదీ రీడరేనండీ. రంగుల్లేవు, ఎవరూ అడగరు. ఇప్పుడు ఆపేసి ఉంది."

"ఆపేస్తే అక్షరాలెలా ఉన్నాయి?"

"అది అంతేనండీ. కరెంటు లేకపోయినా పేజీ నిలిచే ఉంటుంది. ఒకసారి చార్జింగు పెడితే వారాలొస్తుంది."

నా ఫోను సాయంత్రానికే చస్తుంది. ఇది వారాలట! కాగితం అంటించి మమ్మల్ని ఆడిస్తున్నాడనుకున్నాను. ఎంత బాగా అంటించినా కాగితం అంచు గోరుకు తగలకుండా పోదు. పలకను చేతికి తీసుకుని బొటనవేలి గోరు అంచు వెంట నడిపాను.

"అయ్యయ్యో, గీకకండి!"

"గీకట్లేదు. అతుకు చూస్తున్నా."

"ఏం అనుకోకు బాబూ," అంది నజీమా. "పెళ్లినాడు నా గోరింటాకు కూడా ఇట్లాగే గీకి చూశాడీయన."

అతుకు దొరకలేదు. తప్పు నాదే. అయినా నమ్మకం కుదరలేదు. మా పనిలో కాగితాన్ని కొట్టులో చూసి కొనరు, వీధిలోకి తెచ్చి ఎండలో పట్టి చూస్తారు. ట్యూబులైటు కింద ఏ కాగితమైనా తెల్లగానే ఉంటుంది.

"రెండూ ఎండలోకి తీసుకురా."

"సరుకు బయటికి తేమండీ."

"అయితే పదవే," అని లేచాను.

దుర్గాప్రసాద్ రెండు పలకలూ చేతికొకటి పట్టుకుని వెంటే వచ్చాడు.

ఎండ పడగానే రంగుల పలక నల్లబడింది. అందులో నా గడ్డం కనిపించింది గాని అక్షరం కనిపించలేదు. దుర్గాప్రసాద్ వెలుగంతా పెంచాడు. అయినా గడ్డమే. రెండోది మాత్రం ఎండలో తేరుకుంది, అప్పుడే అచ్చేసిన కాగితంలా.

"తెలుగు వస్తుందా?" అన్నాను.

అందులోనే ఒక తెలుగు కథ తెరిచాడు. అక్షరాలు పెంచాడు. నజీమా తల అడ్డంగా ఊపింది. ఇంకా పెంచాడు. పేజీకి నాలుగు వరుసలే మిగిలాయి. ఆమె కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"ఆ ఏడు... కాలవకు నీళ్లు... ఆలస్యంగా వచ్చాయి," అని చదివింది. ఆటోలు హారన్లు కొడుతూనే ఉన్నాయి. నాకు ఆమె గొంతే వినిపించింది. అంతలో ఆపేసింది.

"తర్వాత?" అన్నాను.

"తర్వాత ఇంటికెళ్లి చదువుకోండి సాయిబుగారూ," అని నవ్వాడు దుర్గాప్రసాద్. "లోపల సీలు విప్పని పీసుంది, తెస్తానుండండి."

ఆ పలకను అందుకుని గట్టిగా పట్టుకున్నాను.

"వద్దు. ఎండలో చూసిందే ఇవ్వు."